పాత చీరలో మిగిలిన బలం

పాత నూలు చీరకు కత్తెర పెట్టే ముందు దాన్ని కిటికీ దగ్గర విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. చేయి తిరిగిన కుట్టుపనివాళ్లు చేసే మొదటి పని అదే. చీర అంతా ఒకేలా నలగదు. నేలకు రాసుకునే కింది అంచు, నడుం దగ్గర రోజూ దోపుకునే చోటు, కూర్చున్నప్పుడు బరువు పడే భాగం ముందుగా పలచబడతాయి. అక్కడ పోగుకూ పోగుకూ మధ్య సందు పెరిగి అవతలి వెలుతురు ఎక్కువగా కనిపిస్తుంది. కుచ్చిళ్లలో లోపలికి పోయే మడతలు, వీపు మీద వేలాడే కొంగు మాత్రం ఏళ్ల తరబడి కట్టినా గట్టిగానే ఉంటాయి. అనుమానం ఉన్న చోట రెండు చేతులతో పట్టుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా లాగి చూస్తే మిగతా సంగతి తేలిపోతుంది. చివికిన గుడ్డలో పోగులు సన్నగా పుటుక్కుమంటాయి. ఆ చప్పుడు వినిపించిన చోటికి సుద్దతో గీత గీసి పక్కన పెట్టేయాలి.

చీర పొడవు సుమారు 5.5 మీటర్లు, పన్నా 115 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంటే 6 చదరపు మీటర్లకు పైగా గుడ్డ. అందులో సగం పనికిరాదనుకున్నా 3 చదరపు మీటర్లు చేతిలో ఉన్నట్టే. ఐదేళ్ల పిల్లకు గౌను, రెండు దిండు గలీబులు, ఒక చేతి సంచి అందులోంచి హాయిగా వస్తాయి. పాత బట్టను తిరిగి వాడుకునే పద్ధతులు చాలానే ఉన్నాయి. వాటన్నిట్లో కత్తెర, సూది, దారంతో చేసేదే మేలైనదని నా గట్టి నమ్మకం. ఎందుకో తెలియాలంటే పత్తి చేను నుంచి మొదలుపెట్టాలి.

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు వాళ్లకు పత్తి గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఇక్కడి నల్లరేగడి నేలల్లో పండే దేశవాళీ పత్తిని వ్యాపారులు ‘నార్తర్న్స్’ అనే పేరుతో కొనేవాళ్లు. నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906లోనే మొదలైంది. అక్కడ తయారైన ‘నరసింహ’ రకం పేరు పత్తి రైతులకు బాగా తెలుసు. ఈ పరిశోధన అంతా తిరిగింది చాలావరకు ఒక్క విషయం చుట్టూ: పోగు పొడవు ఎంత, గట్టితనం ఎంత.

పత్తి పోగు ఒక్కొక్కటీ ఒకే ఒక్క జీవకణం. పువ్వు విచ్చిన రోజుల్లోనే గింజ పైపొరలోని కొన్ని కణాలు పొడవు సాగడం మొదలుపెడతాయి. సుమారు 3 వారాలు అలా సాగి, ఆపైన మరో నెల దాకా లోపలివైపు సెల్యులోజ్ పొరలు పేర్చుకుంటూ మందమెక్కుతాయి. కాయ పగిలి గాలి తగిలాక లోపలి తడి ఆరిపోతుంది. గుండ్రంగా ఉన్న కణం చప్పిడిపడి, మెలికలు తిరిగిన సన్నటి పట్టీగా మారుతుంది. ఈ మెలికల వల్లే ఒక పోగు ఇంకో పోగును పట్టుకుంటుంది, వడికితే నూలవుతుంది. మనం ఎక్కువగా వాడే రకాల్లో పోగు పొడవు 25 నుంచి 30 మిల్లీమీటర్లు. పత్తికి ధర తెచ్చేదీ, గుడ్డకు బలం ఇచ్చేదీ ఆ కాస్త పొడవే.

పోగు వెనక గింజ ఉంది, గింజ వెనక చేతులున్నాయి. ఆళ్లగడ్డ, నంద్యాల చుట్టుపక్కల పొలాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం పెద్ద ఎత్తున పండించారు. విచ్చబోయే మొగ్గను ముందురోజు సాయంత్రం ఒలిచి, లోపలి మగ భాగాన్ని గోటితో తీసేయాలి. మర్నాడు ఉదయం వేరే రకం పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. ‘క్రాసింగ్’ అని ఇక్కడ అందరూ పిలిచే ఈ పనిని ప్రతి పువ్వుకూ విడిగా, చేత్తోనే చేయాలి. బడికి పోవాల్సిన ఆడపిల్లలు ఈ చేలల్లో పని చేస్తున్నారని 1990ల చివరినుంచి 2000ల దాకా దేశవిదేశాల్లో పెద్ద చర్చే జరిగింది. వాళ్ల చేతుల్లో పుట్టిన విత్తనమే ఊరూరా పత్తి అయింది, గుడ్డ అయింది. మంచి గుడ్డ ముక్కను చెత్తబుట్టలో వేయాలంటే నాకు మనసు రాకపోవడానికి ఇదొక కారణం.

నీటి లెక్క ఇంకో కారణం. కిలో నూలు గుడ్డ తయారు కావడానికి ప్రపంచ సగటున దాదాపు 10,000 లీటర్ల నీరు పడుతుందని శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. చేనుకు అందే వాన, కాలువ నీటి దగ్గరనుంచి అద్దకం దాకా అన్నీ కలిపిన లెక్క ఇది. అరకిలో తూగే నూలు చీరకు సుమారు 5,000 లీటర్లు. కేసీ (కర్నూలు–కడప) కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూసే ప్రాంతంలో ఈ అంకె బరువు ఏమిటో వివరించనక్కర్లేదు.

ఇక పాతబడటం అంటే ఏమిటో చూద్దాం. కొత్త గుడ్డ గరుకుగా ఉండటానికి సగం కారణం గంజి. ఉతికిన కొద్దీ అది పోతుంది. మగ్గం మీద బిగుతుగా లాగి పట్టిన నూలు నీళ్లు తగలగానే సడలి, ముడుచుకుని, తనకు అనువైన చోట కుదురుకుంటుంది. పోగుల కొసలు పైకి లేచి మెత్తటి నూగు కడుతుంది. పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ కాకుండా అమ్మమ్మ పాత చీర ముక్కనే పొత్తిగుడ్డగా వాడటంలో చక్కని శాస్త్రం ఉంది: గంజి లేదు, వదులు రంగు లేదు, చెమట పీల్చే గుణం చెక్కుచెదరలేదు.

మెత్తబడటం వేరు, బలం పోవడం వేరు. సెల్యులోజ్ అంటే వేల గ్లూకోజ్ అణువులు వరుసగా అల్లుకున్న గొలుసు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, చెమటలోని ఆమ్లం, ఘాటైన బ్లీచింగ్ పౌడరు ఆ గొలుసును అక్కడక్కడా తెంపుతాయి. గొలుసులు పొట్టివైన కొద్దీ పోగు పెళుసవుతుంది. రవికలు, చొక్కాలు అన్నిటికన్నా ముందు చంక దగ్గర పోవడానికి కారణం ఇదే. పాత చొక్కాలోంచి ముక్క తీసేటప్పుడు చంక చుట్టూ నాలుగు వేళ్ల మేర వదిలేయాలి. వీపు భాగం దాదాపు ఎప్పుడూ బాగుంటుంది. జీన్స్ ప్యాంటులో మోకాళ్లు, తొడల మధ్య భాగం పోతాయి, పిక్కల వెనక గుడ్డ కొత్తదానిలాగే ఉంటుంది. సంచికి అదే సరైన చోటు. జీన్స్ రంగు వెలిసినంత మాత్రాన గుడ్డ బలం పోయినట్టు కాదు. నీలిమందు నూలు పైపొరకే అంటుకుంటుంది, లోపలికి పోదు, అందుకే రాపిడికి తెల్లబడుతుంది. ఒకప్పుడు కడప, కర్నూలు జిల్లాల్లో నీలిమందు పైరు పెద్ద వ్యాపారం. ఆ రంగు తీరు ఇక్కడి పెద్దవాళ్లకు కొత్త కాదు.

గుడ్డకు నిలువు (పడుగు), అడ్డం (పేక) అని రెండు దారులుంటాయి. పడుగు నూలును మగ్గం మీద గట్టిగా లాగి కడతారు కాబట్టి ఆ దారిలో గుడ్డ తక్కువ సాగుతుంది, ఎక్కువ బరువు మోస్తుంది. పేక దారిలో కొంచెం సాగుతుంది. ఈ రెంటికీ మధ్య 45 డిగ్రీల ఏటవాలులో లాగి చూస్తే కథే మారిపోతుంది. అక్కడ నూలు సాగాల్సిన పని లేదు, పడుగూ పేకా కలిసే చోట పోగులు కాస్త పక్కకు తిరిగితే చాలు, గుడ్డ మొత్తం పొడవు సాగి వెడల్పు తగ్గుతుంది. ‘క్రాస్ కటింగ్’ జాకెట్టు ఒంటికి అంటిపెట్టుకుని కుదరడం వెనక రహస్యం ఇదే. 1920లలో పారిస్‌లో మెడలిన్ వియొనే ఈ ఏటవాలు కోతతోనే గౌన్లు కుట్టి పేరు తెచ్చుకుంది. పాత చీరతో పని చేసేటప్పుడు దీన్ని తలకిందులుగా వాడుకోవాలి: సంచి పట్టీ లాంటి బరువు మోసే ముక్కను పడుగు దారిలోనే తీయాలి, మెడ చుట్టూ వంపు తిరిగే పట్టీని మాత్రం క్రాస్‌లో తీయాలి. చీరలో పడుగు పొడవునా, అంచు వెంబడి నడుస్తుంది. అంచును చూస్తే దారి తెలుస్తుంది. కొంగు చివర జరీ పట్టీ చూసి తడబడకూడదు, అది పేక.

కుట్టు దగ్గరికి వస్తే, పాత గుడ్డ మీద జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం దారంలో ఉంటాయి. మిషను వేసే కుట్టులో రెండు దారాలుంటాయి. సూదితో దిగే పై దారాన్ని కిందనున్న షటిల్ కొక్కెం పట్టుకుని బాబిన్ దారం చుట్టూ తిప్పుతుంది, రెండూ గుడ్డ మందం మధ్యలో మెలిపడతాయి. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంటు తీసుకున్న ఈ పద్ధతే ఇవాళ్టికీ ఇళ్లలోని కాళ్ల మిషన్లలో నడుస్తోంది. పై దారం బిగుతు ఎక్కువైతే మెలిక పైకి వచ్చి పై దారం తిన్నగా పడి ఉంటుంది, లాగగానే కుట్టు ఊడిపోతుంది. పాత గుడ్డకు ఈ బిగుతును కొంచెం తగ్గించుకోవాలి. కుట్టు మరీ దగ్గరగా వేస్తే పోస్టల్ స్టాంపు అంచున వరుసగా చిల్లులు పొడిచినట్టవుతుంది, గుడ్డ ఆ గీత వెంబడే తెగుతుంది. కొత్త గుడ్డకు అంగుళానికి 10 కుట్లు బాగుంటే, చివికిన గుడ్డకు 8 చాలు. సూది కూడా సన్నదే ఉండాలి. మామూలు నూలుకు 14 నంబరు, పలచటి చీరకు, పట్టుకు 11 నంబరు, జీన్స్‌కు 16 లేదా 18.

దారం గుడ్డకంటే బలంగా ఉండకూడదు. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇది ముఖ్యమైన నియమం. గట్టిగా లాగినప్పుడు ఏదో ఒకటి తెగక తప్పదు. దారం తెగితే మళ్లీ కుట్టుకోవచ్చు. పాలిస్టర్ దారం తెగకుండా నిలబడి మెత్తటి నూలు గుడ్డను కోసేస్తే ఆ ముక్క ఇక దేనికీ రాదు. పాత నూలుకు నూలు దారమే సరి. లైనింగ్ విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. పాత గుడ్డ ఎప్పుడో ముడుచుకుని నిలకడకు వచ్చేసింది, కొత్త లైనింగ్ గుడ్డ ఇంకా ముడుచుకోలేదు. అది 3 శాతం ముడుచుకున్నా మీటరుకు 3 సెంటీమీటర్లు తగ్గుతుంది, పైగుడ్డంతా బుడగలు లేస్తుంది. లైనింగ్‌ను రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి.

ఇవేవీ చదువుకోకుండానే మన ఆడవాళ్లు తరతరాలుగా బొంత కుట్టారు. నలిగిన ధోవతులు, చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, గట్టిగా ఉన్న చీరను పైన వేసి, ముందు పెద్ద టాకాలతో అంచులు పట్టించి, దాని మీదే కూర్చుని వరుసగా కుట్టుకుంటూ పోతారు. నల్లమల కింది ఊళ్లలో చలికాలపు తెల్లవారుజామున ఈ బొంత కప్పుకుంటే వెచ్చదనం గుడ్డనుంచి రాదు, పొరల మధ్య చిక్కిన గాలినుంచి వస్తుంది. కదలని గాలి వేడిని పోనివ్వడంలో మహా పిసినారి. పత్తి పోగు కూడా గాలికంటే ఎక్కువే వేడిని దాటిస్తుంది. గాలి కదిలితే మాత్రం ఈ లాభం పోతుంది. పొరలు ఆ గాలిని గదులుగా విడగొట్టి కదలనివ్వవు. కుట్లు మరీ దట్టంగా వేస్తే గాలి నలిగిపోతుంది, మరీ ఎడంగా వేస్తే పొరలు జారి ఒకచోట ముద్దకడతాయి. కుట్టే చేయి ఈ రెంటికీ మధ్య దారి వెతుక్కుంటుంది.

బొంతలో ఇంకో గొప్పదనం ఉంది. విడి గుడ్డలో చిరుగు పడితే లాగుడు బలమంతా ఆ చిరుగు కొస దగ్గర పోగవుతుంది, ఒక్కో పోగునూ తెంపుకుంటూ ముందుకు పోతుంది. బొంతలో ఆ చిరుగు పక్క కుట్టును చేరేసరికి, కుట్టు ఆ బరువును కింది పొరలకు పంచేస్తుంది. చిరుగు అక్కడే ఆగిపోతుంది. విడివిడిగా ఒక్క ఏడాది కూడా ఆగని ఐదు చీరలు కలిసి పదేళ్లు నిలబడటం ఈ పంపకం వల్లే. బెంగాల్ కాంతా, బీహార్ సుజనీ, కర్ణాటక కౌది, జపాన్ పల్లెల్లో ‘బోరో’ అనే అతుకుల బట్టలు ఇదే సూత్రం మీద నడిచాయి. సుగాలి తండాల్లో పావడలకు, రవికలకు రంగురంగుల ముక్కలు అతికి అద్దాలు కుట్టడంలో అందంతో పాటు ఈ బలమూ ఉంది. అతుకు పడిన చోట గుడ్డ రెండింతలవుతుంది.

గాలి గురించి చెప్పుకున్నాం కాబట్టి దూదేకులవాళ్ల పని చెప్పకుండా ముందుకు పోలేను. ఉమ్మడి కర్నూలు జిల్లాలో వీళ్ల కుటుంబాలు చాలా ఎక్కువ. పరుపు ఏళ్లపాటు వాడాక గట్టిపడటానికి దూది పాడవడం కారణం కాదు, పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని మధ్యలో గాలి లేకుండా అణిగిపోవడం కారణం. దూది ఏకే వింటి నారిని మోగించినప్పుడు అది వేగంగా కంపించి పోగులను విడదీసి ఎగరేస్తుంది. గుప్పెడు ముద్ద బుట్టెడు దూది అవుతుంది. దుమ్ము, పొట్టి పోగులు కింద రాలిపోతాయి. అదే దూది, పాత చీరలతో కుట్టిన కొత్త గలీబులోకి వెళ్లి మళ్లీ పరుపవుతుంది. ఒక్క గ్రాము కొత్త పత్తి కూడా అక్కర్లేదు.

పట్టు చీర తీరు వేరు. పట్టు సెల్యులోజ్ కాదు, మన వెంట్రుకలాగే ప్రొటీన్. ఎండకు నూలుకంటే తొందరగా దెబ్బతింటుంది, పసుపెక్కుతుంది. బీరువాలో ఒకే మడతలో ఏళ్లు ఉంటే, జరీ లోహం బిరుసుగా ఉండి ఆ గీత దగ్గరే పట్టు పోగులను కోస్తుంది. కట్టకుండా దాచిన చీర మడతల దగ్గర చీలిపోవడం అందుకే. రెండు మూడు నెలలకోసారి మడత మార్చాలి. అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ చుట్టిన వెండి రేకు, పైన బంగారు పూత. గాలిలోని గంధకపు వాయువులు వెండితో కలిసి నల్లబరుస్తాయి. పాత పట్టు చీరలు కొంటామని వీధుల్లో తిరిగేవాళ్లు ఆ చీరను కాల్చి వెండి తీయడానికే కొంటారు. నేత బూడిదవుతుంది. నా మాట వింటే, అమ్మే ముందు అంచు, కొంగు చూడండి. చీర మధ్యభాగం చీలికలు పడినా ఇవి చాలాసార్లు నిక్షేపంగా ఉంటాయి. కొత్త నూలు గుడ్డకు ఆ అంచు కుడితే పిల్లకు పట్టంచు పావడ, కొంగుతో జాకెట్టు. బలం చాలని పట్టు కింద నూలు లైనింగ్ వేస్తే బరువు లైనింగ్ మోస్తుంది, పట్టు కంటికి ఆనడానికే ఉంటుంది.

పాలిస్టర్ వచ్చాక లెక్కలు మారాయి. 2023లో ప్రపంచమంతా కలిపి తయారు చేసిన నార 12 కోట్ల టన్నులు దాటింది, అందులో సగానికి పైగా పాలిస్టరే. గుడ్డ ఏదో తెలియకపోతే అంచునుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించాలి. నూలు కాగితం వాసనతో కాలి మెత్తటి బూడిదవుతుంది. పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేసి, నలిపితే పొడయ్యే నల్లపూస మిగులుస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. దేనికేది వాడాలో ఈ పరీక్షే చెబుతుంది. నూలు గాలిలోంచి తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. మే నెలలో 45 డిగ్రీలకు అటూఇటూ కాగే నంద్యాలలో పిల్లల గౌనుకు పాలిస్టర్ చీర వాడితే చెమట ఆరదు. అదే చీర కూరగాయల సంచికి, గొడుగు సంచికి భేషుగ్గా పనికొస్తుంది, తడిసినా తొందరగా ఆరుతుంది.

వంటింటి మసిగుడ్డకు మాత్రం పాలిస్టర్ కలిసిన గుడ్డ అస్సలు వద్దు. మంట తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. నూలు మసిగుడ్డ కూడా పొడిగా ఉండాలి. నీరు గాలికంటే 20 రెట్లకు పైగా వేడిని దాటిస్తుంది కాబట్టి తడిగుడ్డతో వేడి గిన్నె పట్టుకుంటే చేయి కాలుతుంది.

కత్తెర, సూది, దారంతో చేసే పనే మేలైనదని మొదట చెప్పిన మాటకు ఇప్పుడు ఆధారం చూపిస్తాను. ప్రపంచంలో బట్టల తయారీకి వాడే సరుకులో మళ్లీ కొత్త బట్టగా మారేది 1 శాతం కూడా లేదని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో లెక్క చెప్పింది. కారణం పోగు పొడవులోనే ఉంది. హర్యానాలోని పానిపట్‌లో పాత బట్టలను యంత్రాలతో చీల్చి మళ్లీ నూలు తీస్తారు, దుప్పట్లు నేస్తారు. మంచి పనే. అయితే చీల్చేటప్పుడు పోగులు తెగి పొట్టివవుతాయి, వాటినుంచి మొదటంత సన్నటి నూలు రాదు. నూలూ పాలిస్టరూ కలిసిన గుడ్డనైతే విడదీయడమే కష్టం. కత్తెరతో చేసే పనిలో పోగు తెగేది కోత గీత దగ్గర మాత్రమే. వడకడం, నేయడం, అద్దకం మళ్లీ చేయక్కర్లేదు. ఆ ఖర్చు, ఆ నీరు, ఆ కరెంటు ఒకసారి పెట్టినవే మరో పదేళ్లు పనికొస్తాయి.

మిషను కుట్టేవాళ్లు పాత బట్ట పని ఒప్పుకోవడానికి వెనకాడతారంటే వాళ్ల తప్పు లేదు. కొత్త తానును పరిచి కొలత ప్రకారం కోసేయవచ్చు. పాతదాంట్లో కుట్లు విప్పాలి, ఇస్త్రీ చేయాలి, పలచటి చోట్లు తప్పించి ముక్కలు అమర్చాలి, ఒక్కో ముక్క దారి చూసుకోవాలి. పనికి రెట్టింపు సమయం పడుతుంది. గుడ్డ ఇంటిదే కదా అని కూలి తగ్గించమని అడగడం అన్యాయం. కొత్త జాకెట్టుకు ఇచ్చేదానికంటే ఎక్కువే ఇవ్వాలి. కుట్టు శిక్షణలో కొలతలు, కటింగుతో పాటు పాత చీరను వెలుతురులో చదవడం కూడా ఒక పాఠంగా పెడితే ఈ పని బతుకుతుంది.

అన్నీ తీశాక మిగిలే పీలికలను రెండు కుప్పలుగా వేరు చేసి పెట్టుకోవాలి. నూలు పీలికలు దీపం వత్తికి, టమాటా మొక్కలను కర్రలకు కట్టడానికి వాడుకోవచ్చు. లేత కాండాన్ని అవి కోయవు, పంట అయ్యాక మట్టిలో కలిస్తే కుళ్లిపోతాయి. పాలిస్టర్ పీలిక మట్టిలో ఏళ్లు గడిచినా పోదు. దాన్ని జడలా అల్లి తాడు చేసుకోవాలి, లేదా దిండులో కూరాలి, చేలోకి మాత్రం పోనివ్వకూడదు.